తాళంచెవి

మునిగిపోయిన ఓడను పావుగంటలో పైకి తేల్చడం ఏ దేవుడి వల్లా కాదు. విన్యాసాల్లో మాత్రం ఒక్క సంతకంతో అయిపోతుంది.

సాగరదుర్గ ఆ ఉదయం పది నలభైకి మునిగింది. నిజంగా కాదులెండి. ఏడాదికోసారి జరిగే నౌకా విన్యాసాల్లో శత్రువు వేషం కట్టేవాళ్ళని ఎర్ర పక్షం అంటారు. ఆ ఎర్ర పక్షం పంపిన ఓ చిన్న యంత్రం నీళ్ళ అడుగునుంచి ఈదుకుంటూ వచ్చి, ఓడ పొట్టకి ముక్కు ఆనించి, పచ్చరంగు కక్కింది. నీళ్ళ మీద ఆ రంగు పరుచుకుంటే ఓడా, అందులోని నూట ఎనభై రెండు మందీ పోయినట్టే లెక్క. ఆ ఓడకి కాపలా ఉన్నది దేశంలోకెల్లా గొప్పదని చెప్పుకుంటున్న యంత్రపు చెవి. దాన్ని బోల్తా కొట్టించింది మాత్రం, పాత సామాన్ల కొట్టుకి పోవలసిన ఒక తుప్పు యంత్రమూ, దాని పొట్టలో బిగించిన జానెడు కర్రసుత్తీ.

ఎర్ర పక్షం నాయకురాలు గనగళ్ళ బంగారమ్మ. భీమిలి దగ్గర సముద్ర శ్రవణ పరిశోధనాలయంలో పదమూడేళ్ళుగా శబ్దశాస్త్రవేత్త. ఆ చెవిని కట్టినవాళ్ళలో ఆమె ఒకతె. కట్టినవాళ్ళకే దాని లొసుగులు తెలుస్తాయని ఆమెను శత్రువు పక్షాన వేశారు. తెలిసిన లొసుగు చూపించేసరికి ఎవరికీ నచ్చలేదు.

"సాగరదుర్గ తిరిగి తేలినట్టు ప్రకటిస్తున్నాం. విన్యాసం కొనసాగుతుంది," అని మైకులో వినిపించింది.

"తేలిందా? ఎలా తేలింది సార్, బుడగలు కట్టారా?" అంది బంగారమ్మ, మైకు వాళ్ళకి వినబడేట్టే.

పదిమందీ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, పరిశోధనాలయం డైరెక్టర్ కామేశం. మధ్యాహ్నానికల్లా ఆమెను ఓడలోని సమావేశం గదికి పిలిపించాడు. బల్లకి అవతల ఓడ కెప్టెన్ సాల్మన్ రత్నం కూర్చుని, తన ఓడ ఎలా చచ్చిందో తెలుసుకోవాలన్న కుతూహలంతో చూస్తున్నాడు.

"మీరు చేసింది మోసం," అన్నాడు కామేశం.

"యుద్ధంలో అవతలివాడు అర్జీ పెట్టుకుని వస్తాడా సార్?"

"ముందు ఎలా చేశారో నాకు చెప్పండమ్మా," అన్నాడు రత్నం.

చెప్పింది. ఆ చెవికి కాగితాల మీద పేరు శ్రవణ-4. పరిశోధనాలయంలో అందరూ పిలిచే పేరు 'తాత'. ఎందుకంటే అది ఒక తాత చెవిలోంచి పుట్టింది. పోలమ్మపేట జాలరి ఒకాయన, తెడ్డు నీళ్ళల్లో దించి, దాని పిడికి చెవి ఆనిస్తే, గొరక చేపల గుంపు ఎటుందో, ఎంత లోతులో ఉందో చెప్పేవాడు. మైలు అవతల మరబోటు వస్తుంటే అది ఎవరి బోటో, అందులో ఏ గొట్టం వదులైందో కూడా చెప్పేవాడు. ఆయన చెవి వెనకాల వెంట్రుకంత తీగలు గుచ్చి, ఆరేళ్ళపాటు ఆయన విన్నదల్లా యంత్రానికి ఎక్కించారు. ఆయన మాటలతోసహా ఎక్కింది. అందుకే తాత తెర మీద మూడు మాటలే వస్తాయి: చేపలు. మనోడు. పరాయోడు. పరాయోడన్నప్పుడు ఇరవై లెక్కపెట్టి, తనంతట తానే టార్పెడో వదులుతుంది.

"మా పేటలో ఒక ఆచారం ఉంది. మంచులోనో జడివానలోనో ఒక తెప్ప ఇంకో తెప్ప వల దగ్గరికి వస్తే, తెడ్డుతో తెప్ప అంచుమీద కొడతారు. రెండు, ఆగి ఒకటి." బంగారమ్మ బల్ల మీద కొట్టి చూపించింది. టక్ టక్... టక్. "భయపడకు, నీ వల తొక్కను, మనోణ్ణే అని. అవతలివాడు తిరిగి అదే కొడతాడు. దాన్ని పలకరింపు అంటాం. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ మా పెద్దాయన 'మనోడే' అనేసి ఇంకోవైపు విన్నాడు. ఆరేళ్ళూ అంతే. తాత కూడా అదే నేర్చుకుంది. ఆ మూడు దెబ్బలు కొట్టుకుంటూ ఎవడొచ్చినా, ఏమొచ్చినా, మనోడే."

రత్నం కుర్చీలో వెనక్కి వాలాడు. "దేవా! నా ఓడ తలుపు తెరవడానికి మూడు దెబ్బలు చాలన్నమాట."

"మీ పేట రహస్యం అవతలివాడికి ఎలా తెలుస్తుంది?" అన్నాడు కామేశం.

"రహస్యమా? ఇచ్ఛాపురం నుంచి కాకినాడ దాకా తెప్ప ఎక్కిన ప్రతివాడికీ తెలుసు సార్. దారి తప్పి పక్క దేశాల నీళ్ళల్లోకి పోయి, ఆ జైళ్ళలో ఏళ్ళ తరబడి కూర్చున్న మావాళ్ళని అక్కడివాళ్ళు ఏం అడిగుంటారనుకున్నారు? పాటలు పాడమన్నారా?"

కామేశం తెలివితక్కువవాడేం కాదు. నిమిషం సేపు కిటికీలోంచి సముద్రాన్ని చూసి, తేల్చేశాడు. "సరే. ఆ పలకరింపుని తీసేద్దాం. ఇకనుంచి ఆ మూడు దెబ్బలు పరాయివి. పది రోజుల్లో ఆఖరి పరీక్ష. మీరు వినికిడి ధ్రువపత్రం మీద సంతకం పెట్టండి, అయిపోతుంది."

"అయిపోయేది జాలరి సార్. రేపు మంచులో ఎవడైనా పాపం అలవాటుకొద్దీ పలకరిస్తే, తాత టార్పెడో వేస్తుంది."

"ఓడ చుట్టూ కాపలా గీత గీస్తాం, దాని లోపలికి జాలర్లు రాకూడదు. ప్రకటన ఇస్తాం."

"చేపలకి కూడా ఇస్తారా ప్రకటన? చేప ఎటు పోతే మావాడు అటు."

"బంగారమ్మా!" కామేశం గొంతు పెరిగింది. "ఇవాళ్టి టార్పెడో నిమిషానికి మైలు చొప్పున వస్తుంది. మనిషి విని, ఆలోచించి, ఆఫీసరుకి చెప్పి, ఆయన కెప్టెన్‌కి చెప్పేలోగా ఓడ చేపలకి మేత. ఈ నూట ఎనభై రెండు మంది ప్రాణాలకి మీరు పూచీయా?"

ఆ మాటలో నిజం ఉంది. అందుకే బంగారమ్మకి ఇంకా ఒళ్ళు మండింది. "పూచీ పడదామనే చెబుతున్నాను. పలకరింపు ఉంచితే ఓడ పోతుంది, తీసేస్తే జాలరి పోతాడు. తాత పక్కన ఒక్క మనిషిని పెట్టండి. తాత ఎంత వేగంగానైనా విననివ్వండి, కాల్చే ముందు ఒక మనిషి చెవిలో పడనివ్వండి. ఇరవై లెక్కలో పది చాలు నాకు."

"మనిషి అక్కర్లేకపోవడమే దీని గొప్ప. అది చెప్పే ఒప్పించాం పైవాళ్ళని. ఇప్పుడు వెళ్ళి, మళ్ళీ మనిషి కావాలని చెప్పమంటారా?"

"చెప్పడానికి సిగ్గయితే నేను చెబుతాను."

"సంతకం పెడతారా, లేదా?"

"పెట్టను."

రత్నం ఓడలో చెవికి గొట్టాలు తగిలించుకుని సముద్రం వినే కుర్రాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. తాత గట్టెక్కితే వాళ్ళని దించేస్తారు. అయినా ఆయన సైనికుడు. పైనుంచి కాగితం వస్తే కళ్ళకద్దుకోవలసినవాడు.

*

బంగారమ్మ ఎవరికీ పదేపదే చెప్పుకోని సంగతి ఒకటి ఉంది. ఆ పోలమ్మపేట జాలరి ఆమె తండ్రి ఎర్రయ్య. పరిశోధనాలయానికి తీసుకొచ్చింది ఆమే. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉబలాటంలో, "మా అయ్య చెవి ముందు మీ యంత్రాలు దిగదుడుపే" అని అందరిముందూ గొప్పలు పోయింది. వైద్యులు 'కొంచెం తగ్గవచ్చు' అన్నారు. తీగలు ఆరేళ్ళలో నరాన్ని మాడ్చేశాయి. తాతకి వినికిడి పదునెక్కుతున్నకొద్దీ ఎర్రయ్యకి మొద్దుబారింది. చివరి తీగ తీసిన రోజున పిలిస్తే పలకలేదు. ఆ పాపం తనదేనని బంగారమ్మకి తెలుసు, తెలుసు కాబట్టే ఆయన ముందు కూర్చుంటే ఇప్పటికీ అన్నం సరిగ్గా దిగదు.

ఆ సాయంత్రం ఆమె వెళ్ళేసరికి ఎర్రయ్య ఇసకలో కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. చెవుడు వచ్చినా వేట మానలేదు. తెడ్డు నీళ్ళల్లో దించి, పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటాడు. చెవిలో ఎక్కనిది దవడ ఎముకలో ఎక్కుతుంది. ఆ ఉపాయం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

"ఓడ ముంచీసినావంట గదే గుంటా!" అని అరిచాడు. చెవిటివాళ్ళందరిలాగే ఆయనకీ తన గొంతు ఎంత పెద్దదో తెలీదు. "పేటంతా సెప్పుకుంటన్నారు. మా బంగారం గొప్పదిరా అన్నాను."

ఆమె ఎదురుగా కూర్చుంది, పెదవులు కనబడేట్టు. "అయ్యా, నీ పలకరింపుని తాతలోంచి తీసేత్తన్నారు. ఇకనించి అది కొట్టినోడు పరాయోడేనంట. పరీచ్చ కూడా ఎట్టేత్తారంట."

ఎర్రయ్య మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పింది. ఆయన సూది ఆగిపోయింది.

"నాను ఏలిముద్ర ఏసిన్నాడు ఏటన్నారే? 'తాతా, నీ సెవి దేశానికి కాపలా కాత్తాది' అన్నారు. సరే, కాయనీ అన్నాను. సెవి పోయింది. పోతే పోనీ అన్నాను. ఇప్పుడు ఆ సెవే నన్ను పరాయోడంటాదేటి?"

"నాను సంతకం ఎట్టనన్నాను అయ్యా. ఎట్టకపోతే ఇంకోడి సేత ఎట్టిత్తారు."

"ఆ కామేసం బాబుకి సెప్పు. ఇనడం ఏటుంది, కుక్క కూడా ఇంటాది. ఏది ఇనీ ఇననట్టు ఒగ్గీయాలో తెలవాల. అదీ ఇద్దె! నాను అరవయ్యేళ్ళు నేర్సుకున్నది ఇనడం గాదు, ఒగ్గీడం." వల పక్కకి నెట్టేశాడు. "ఎప్పుడే ఆ పరీచ్చ?"

చెప్పకూడదని తెలిసీ చెప్పింది. వచ్చే గురువారం.

"నానెల్తాను. పేటోళ్ళని కూడా ఎంటెట్టుకెల్తాను. మీ గీతలోకెల్లి కొడతాను. నా సెవి నాకు ఏటి సెప్తాదో సూత్తాను."

"ఒద్దయ్యా! మందు లేని టార్పెడోయే గానీ, టన్ను ఇనుము అది. తగిలితే తెప్ప ముక్కలైపోద్ది. నా మాటిను..."

ఎర్రయ్య మొహం సముద్రం వైపు తిప్పేసుకున్నాడు. చెవిటివాడితో వాదన అక్కడితో సరి. పెదవులు చూడనివాడికి ఎవరు ఏం చెప్పగలరు? ఆమె ముందుకి వెళ్ళి నిలబడితే కళ్ళు మూసుకున్నాడు, కొంటె పిల్లాడిలాగా. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే కామేశం గదికి వెళ్ళి, "గీత లోపలికి మావాళ్ళ తెప్పలు వస్తాయి, పరీక్ష ఆపండి," అని కాగితం మీద రాసిచ్చింది. ఆయన చదివి, కింద 'ప్రకటన ఇవ్వబడింది' అని రాసి తిరిగి ఇచ్చేశాడు.

*

గురువారం తొమ్మిదింటికి సన్నగా వాన. రెండు మైళ్ళ అవతల సముద్రమూ ఆకాశమూ ఒకటే రంగు.

తాత గది ఓడ అడుగుకి దగ్గర్లో ఉంటుంది. కిటికీలుండవు, ఒక పెద్ద తెర, కాల్పుల పెట్టె, అంతే. ధ్రువపత్రం రాలేదు కాబట్టి ఆ పెట్టెకి ఇంకా తాళం ఉంది. తాళంచెవి అందులో తిప్పి ఉంచినంతసేపే తాతకి కాల్చే అధికారం. లాగేస్తే నడుస్తున్న లెక్క ఆగిపోతుంది; మళ్ళీ లెక్కపెట్టినా కాల్చలేదు. సంతకం పడ్డాక ఆ తాళాన్నే ఊడదీసేస్తారు. అందాకా ఆ తాళంచెవి వినికిడి శాస్త్రవేత్త చేతిలో ఉండాలని నియమం. కామేశానికి ఎంత ఇష్టం లేకపోయినా, ఆ శాస్త్రవేత్త బంగారమ్మే.

"ప్రాంతం ఖాళీ చేయించాం. ఒక్క బోటు లేదు," అని పైనుంచి ఫోనులో చెప్పారు. రాడార్ చూసి చెప్పారు. నీళ్ళకి జానెడు ఎత్తున ఉండే కొయ్య తెప్ప, అందులోనూ వానలో, రాడార్‌కి ఏం కనబడుతుంది?

"తిప్పండి," అన్నాడు కామేశం.

తిప్పింది. ఆదేశాన్ని పాటించకపోతే గదిలోంచి పంపేస్తారు. గదిలో లేకపోతే చెయ్యగలిగేది ఏమీ లేదు. చెవులకి గొట్టాలు తగిలించుకుని నిలబడింది.

మొదటి పావుగంటా తాత అద్భుతంగా వింది. ఎర్ర పక్షం కొత్త అధికారులు పంపిన యంత్రాన్ని నాలుగు మైళ్ళ దూరంలోనే పట్టేసింది. పరాయోడు. ఇరవై, పంతొమ్మిది... టార్పెడో వెళ్ళింది, తగిలింది. గదిలో చప్పట్లు. రత్నం కూడా తల ఊపాడు. బంగారమ్మకి కూడా గర్వమేసింది. అయ్య చెవి మరి!

అప్పుడు వినబడింది. టక్ టక్.

ఆగింది. ముసలివాడు ఊపిరి తీసుకునేంతసేపు ఆగింది.

టక్.

బంగారమ్మ గొట్టాలని చెవులకి అదిమిపట్టుకుంది. ఆ మూడో దెబ్బకి ముందు అలా ఆగే మనిషి ఈ తూర్పు తీరంలో ఒక్కడే. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి, ఆ ఆగడాన్ని బట్టే ఇంటికి వస్తున్నది తన తండ్రి అని తెలుసుకునేది.

తెర మీద పడింది: పరాయోడు. దూరం పద్దెనిమిది వందల గజాలు. ఇరవై.

"ఆపండి. మనిషి! అది మనిషి," అంది.

"ఎర్ర పక్షం ఎత్తు అయ్యుంటుంది. మీరు నేర్పిందేగా," అన్నాడు కామేశం. పద్నాలుగు. పదమూడు.

"మా అయ్య సార్ అది!"

పదకొండు. "పరీక్ష మధ్యలో ఎవరూ..." అని కామేశం ఏదో అంటున్నాడు. ఆమె తాళంచెవి తిప్పి లాగేసింది. అంకె తొమ్మిది దగ్గర ఎర్రబడి ఆగింది.

చప్పుడు మాత్రం ఆగలేదు. ఇంకోవైపు నుంచి టక్ టక్, టక్. మరోవైపు నుంచి. పోలమ్మపేట అంతా కదిలొచ్చినట్టుంది. తెర నిండిపోతోంది: పరాయోడు, పరాయోడు, పరాయోడు.

రత్నం ఫోను ఎత్తాడు. "పైన! కుడివైపు, పద్దెనిమిది వందల గజాలు. దుర్భిణి పెట్టి చూడండి." కాసేపటికి ఫోనులో గొంతు అందరికీ వినబడింది. "తెప్పలు సార్! జాలర్లు. ఒకటి, రెండు... పదకొండు ఉన్నాయి. ముందు తెప్పలో ఓ ముసలాయన తెడ్డు నోట్లో పెట్టుకున్నాడు సార్."

కామేశం మొహం పాలిపోయింది. కాని ఆయన పదమూడేళ్ళ శ్రమ ఆ తెర మీద ఉంది. "ఇది కుట్ర. మీరే రప్పించారు. చెవి ఇలా ఇవ్వండి. వాళ్ళని తరిమేసి మళ్ళీ మొదలుపెడదాం."

"ఇవ్వను."

"ఇది ప్రభుత్వ ఆస్తి!"

"మా అయ్య చెవి కూడా ప్రభుత్వ ఆస్తే చేశారుగా. ఒకటి తీసుకున్నారు సార్. ఈ చెవి ఇవ్వను."

కామేశం రత్నం వైపు తిరిగాడు. "కెప్టెన్, కాపలావాణ్ణి పిలవండి."

రత్నం పిలవలేదు, కాదనలేదు. బంగారమ్మనే చూస్తున్నాడు. ఆమె అటూఇటూ చూసింది. ఓడకి చిల్లిపడితే కొయ్యమేకులు దిగ్గొట్టడానికి గోడకి ఎప్పుడూ ఒక పెద్ద కర్రసుత్తి వేలాడుతుంటుంది. దాన్ని దింపుకుని, ఓడ పక్క రేకు దగ్గరికి వెళ్ళింది. అవతల నీళ్ళు. పలకరించినవాడికి బదులు చెప్పకపోవడం పోలమ్మపేటలో తిట్టుకన్నా తప్పు.

రెండు చేతులా ఎత్తి కొట్టింది. ఢాం ఢాం. ఊపిరి తీసుకుంది. ఢాం.

ఓడంతా మోగింది.

తెర మిణుకుమంది. తాత విన్నది. తనకి కొత్తగా నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పింది.

పరాయోడు. దూరం: సున్నా. ఇరవై.

పంతొమ్మిది. పద్దెనిమిది. సాగరదుర్గ తెర మీద సాగరదుర్గే శత్రువు. నూట ఎనభై రెండు మందిని కాపలా కాయవలసిన చెవి, వాళ్ళనే గురిపెట్టి లెక్కపెడుతోంది. కామేశం పెట్టె దగ్గరికి పరుగెత్తి మీటలన్నీ నొక్కాడు. మనిషి అక్కర్లేకుండా కట్టిన యంత్రం కదా, మనిషి నొక్కితే ఎందుకు వింటుంది? ఏడు. ఆరు. రత్నం బంగారమ్మ గుప్పిట వైపు చూశాడు. చెవి అందులోనే ఉంది. మూడు. రెండు. ఒకటి.

తాళం వేసి ఉంది, అని తెర మీద చిన్న అక్షరాలు పడ్డాయి.

రత్నం టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఆ చెవి అందులోనే ఉండుంటే డైరెక్టరుగారూ," అన్నాడు నెమ్మదిగా, "ఈసారి నా ఓడని తేల్చడానికి ఎవరి సంతకం కావలసొచ్చేది?"

*

ఒడ్డుకి దిగేసరికి ఎర్రయ్య తడిసిపోయి, తెప్ప పక్కన నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూడగానే అరిచాడు.

"ఓలమ్మో, ఎవులే ఆ ఓడలోంచి కొట్టింది? పళ్ళు ఊడిపోయేలా కొట్టినాడు!"

"నానేనయ్యా."

ఆయన పెదవులు చూశాడు, నమ్మలేనట్టు మళ్ళీ చూశాడు. ఏడేళ్ళ తర్వాత కూతురు పిలుపు ఆయనకి వినబడింది. కళ్ళు తుడుచుకుని, ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, "రొండో దెబ్బ తొందర పడ్డావు. నేరిపిత్తాను రా," అన్నాడు.

బంగారమ్మని ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తప్పించారు. విచారణ వేశారు. తాత పక్కన మనిషి ఉండాలా అక్కర్లేదా అని పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. రత్నం తన ఎనిమిదిమందినీ దించనని రాసిచ్చాడట. తెలియని సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. తెలిసింది ఒకటే: తాళంచెవి లేకుండా ఆ పెట్టె పనిచెయ్యదు. ఇంకో చెవి చేయించాలంటే దానికి కూడా వినికిడి శాస్త్రవేత్త సంతకం కావాలట. ఆ నియమం పెట్టింది కామేశమే.

ప్రభుత్వ ఆస్తి వెంటనే అప్పగించవలసిందని మూడు నోటీసులు వచ్చాయి. మూడోదాని వెనక బంగారమ్మ జవాబు రాసింది. అయ్యకి చదివి వినిపించలేదు, చూపించింది. ఆయనకి చదువు రాదు గానీ, కూతురి మొహం చూసి పకపకా నవ్వాడు.

'చెవి నా దగ్గరే ఉంది. కావాలంటే, దానితోపాటు మనిషిని కూడా తీసుకెళ్ళండి.'